విడుదల శాఖలు, నిర్వహణ శాఖలు

సాఫ్టువేరు తయారీలో, విడుదలకు సిద్ధమవుతున్న వెర్షనును కొత్త మార్పుల నుండి వేరుచేసి ఉంచే కోడు పాయను '''విడుదల శాఖ''' అంటారు. విడుదల జరిగిన తరువాత, ఆ వెర్షనును వాడుతున్నవారి కోసం దోషాల సవరణలను, భద్రతా సవరణలను మాత్రమే చేరుస్తూ కొనసాగించే పాయను '''నిర్వహణ శాఖ''' అంటారు. చాలా ప్రాజెక్టులలో ఈ రెండూ ఒకే శాఖకు చెందిన రెండు దశలు. విడుదల రోజు వరకు విడుదల శాఖగా ఉన్నదే ఆ తరువాత నిర్వహణ శాఖ అవుతుంది. సీవీఎస్, సబ్‌వర్షన్, గిట్, మెర్క్యూరియల్ వంటి వెర్షన్ కంట్రోల్ వ్యవస్థలు ఈ శాఖలను ఏర్పరచడానికి, వాటి మధ్య మార్పులను తరలించడానికి వీలు కల్పిస్తాయి. అయితే ఏ మార్పు ఏ శాఖలోకి రావచ్చు, ఎవరు అనుమతించాలి, శాఖను ఎంతకాలం పోషించాలి అన్నవి పనిముట్టు నిర్ణయించే విషయాలు కావు. వాటిని ప్రాజెక్టు సభ్యులే నిర్ణయించుకోవాలి.

== ఆవశ్యకత ==

ఒక ప్రోగ్రాము విడుదలైన నాటితో దాని తయారీ ఆగిపోదు. ప్రోగ్రామర్లు వెంటనే తరువాతి వెర్షనుకు కావలసిన సౌకర్యాలపై పని మొదలుపెడతారు. ఈ పని జరిగే ప్రధాన పాయను చెట్టుతో పోల్చి కాండం లేదా ట్రంక్ అంటారు. కాండంలోని కోడు నిత్యం మారుతూ ఉంటుంది. కొన్ని భాగాలు సగం రాసి ఉంటాయి, కొన్ని ఇంకా పరీక్షించి ఉండవు. మరోవైపు వాడుకరుల వద్ద ఉన్నది పాత విడుదల. అందులో ఒక తీవ్రమైన దోషం బయటపడితే, దానిని కాండంలో సరిదిద్ది కాండాన్నే వాడుకరులకు ఇవ్వడం కుదరదు. అలా ఇస్తే ఒక దోషం పోయి, పరీక్షించని మార్పులతో పది కొత్త దోషాలు వచ్చే ప్రమాదముంది. తరువాతి విడుదల వరకు ఆగమనడమూ కుదరదు. ఆ దోషం భద్రతకు సంబంధించినదైతే ఆగిన ప్రతిరోజూ నష్టమే.

ఈ చిక్కుకు పరిష్కారం నిర్వహణ శాఖ. విడుదలైన కోడు ఎలా ఉందో సరిగ్గా అక్కడి నుండి ఒక పాయను చీల్చి, అవసరమైన సవరణను మాత్రమే దానిలో చేర్చి, చిన్న విడుదలగా ఇస్తారు. వాడుకరికి తెలిసిన ప్రోగ్రామే, ఒక్క దోషం తగ్గి, తిరిగి అందుతుంది.

== ఉదాహరణ ==

ఒక గ్రంథాలయంలో పుస్తకాల అరువును నమోదుచేసే ప్రోగ్రామును ఊహించవచ్చు. దాని 1.0 వెర్షను విడుదలైంది. కాండంలో 2.0 కోసం డేటాబేసు భాగాన్ని పూర్తిగా తిరగరాస్తున్నారు. ఇంతలో ఫిబ్రవరి 29 మీదుగా సాగే అరువులకు ఆలస్య రుసుము తప్పుగా లెక్కపడుతున్నదని తెలిసింది. అప్పుడు పని ఈ క్రమంలో సాగుతుంది.

# 1.0 విడుదలను గుర్తించే ట్యాగు నుండి 1.0 అనే నిర్వహణ శాఖను చీలుస్తారు. విడుదల శాఖ ముందే ఉంటే దానినే వాడతారు.
# ఆ శాఖలో దోషాన్ని తిరిగి పుట్టించే ఒక చిన్న పరీక్షను రాస్తారు. సవరణకు ముందు అది విఫలం కావాలి.
# తేదీల లెక్కను సరిచేసి, పరీక్షలన్నీ నెగ్గిన తరువాత 1.0.1 అని ట్యాగు వేసి విడుదల చేస్తారు.
# అదే సవరణను, పరీక్షతో సహా, కాండంలోకి తీసుకువెళతారు.

నాలుగవ మెట్టును మరచిపోవడం తరచుగా జరిగే పొరపాటు. అది జరిగితే 1.0.1లో పోయిన దోషం 2.0లో మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. సరిచేశారని నమ్మి కొత్త వెర్షనుకు మారిన వాడుకరికి ఇంతకంటే చికాకు కలిగించేది లేదు.

ఈ ఉదాహరణలో మరొక ఇబ్బంది కూడా ఉంది. తిరగరాతలో తేదీల లెక్క వేరే ఫైలులోకి మారి ఉంటే పాత శాఖలోని సవరణ కాండంలో యథాతథంగా అతకదు. అప్పుడు ప్రోగ్రామరు దానిని చేతితో మళ్ళీ రాయాలి. శాఖలు చీలి ఎంతకాలమైతే ఈ శ్రమ అంత పెరుగుతుంది.

== విడుదల శాఖను చీల్చే సమయం ==

విడుదలకు ముందు కొంతకాలం కొత్త సౌకర్యాలను ఆపి, దోషాలను మాత్రమే సరిచేసే దశను ఫ్రీజ్ అంటారు. శాఖ లేకపోతే ఈ కాలమంతా కాండాన్నే స్తంభింపజేయాలి. అప్పుడు కొత్త పని చేసేవారు ఖాళీగా కూర్చోవాలి, లేదా తమ మార్పులను తమ వద్దే దాచుకోవాలి. శాఖను చీలిస్తే స్తంభన ఆ శాఖకే పరిమితమవుతుంది. కాండంలో పని యథావిధిగా సాగుతుంది.

శాఖను ముందుగా చీలిస్తే దోషాల సవరణలన్నిటినీ రెండుచోట్ల చేయవలసి వస్తుంది. పైగా అందరి దృష్టీ కొత్త సౌకర్యాలవైపు మళ్ళి విడుదలను పరీక్షించేవారు తగ్గిపోతారు. ఆలస్యంగా చీలిస్తే కాండం ఎక్కువకాలం స్తంభిస్తుంది. అందువలన అనేక ప్రాజెక్టులు మొదట కాండాన్ని కొద్దికాలం స్తంభింపజేసి, పెద్ద దోషాలు తగ్గిన తరువాతనే శాఖను చీలుస్తాయి.

== శాఖ, ట్యాగు ==

శాఖకు, ట్యాగుకు తేడా ముఖ్యమైనది. శాఖ కదులుతుంది, కొత్త మార్పు చేరినప్పుడల్లా దాని కొన ముందుకు జరుగుతుంది. ట్యాగు కదలదు. ఒక విడుదలలో ఏ కోడు ఉందో అది శాశ్వతంగా గుర్తుపెట్టి ఉంచుతుంది. ఉదాహరణకు 1.0 అనే శాఖపై 1.0.0, 1.0.1, 1.0.2 అనే ట్యాగులు వరుసగా ఉంటాయి. ఒకసారి ప్రకటించిన ట్యాగును వేరొక చోటికి మార్చడం తప్పుగా పరిగణిస్తారు. ఒకే పేరుతో ఇద్దరి వద్ద రెండు రకాల కోడు ఉంటే ఎవరి ఫిర్యాదు దేని గురించో తేల్చడం అసాధ్యమవుతుంది.

వెర్షను సంఖ్యలో మూడు అంకెలు వాడే పద్ధతిలో, మూడవ అంకె సాధారణంగా నిర్వహణ శాఖ నుండి వచ్చిన చిన్న విడుదలను సూచిస్తుంది. అంటే మూడవ అంకె మాత్రమే మారితే ప్రోగ్రాము ప్రవర్తన మారదని వాడుకరికి ఇచ్చిన హామీగా దానిని భావించవచ్చు.

== సవరణలను తరలించే పద్ధతులు ==

ఒకే సవరణ అనేక శాఖలలోకి చేరడానికి రెండు ప్రధాన పద్ధతులున్నాయి.

'''కాండం నుండి పాత శాఖకు:''' సవరణను మొదట కాండంలో చేసి, ఆ తరువాత పాత శాఖలలోకి ఏరి తెస్తారు. దీనిని బ్యాక్‌పోర్టు అంటారు. గిట్‌లో ఈ పనికి చెర్రీ-పిక్ అనే ఆదేశం ఉంది. ఈ పద్ధతిలో కాండంలో లేని సవరణ పాత శాఖలో ఉండే అవకాశం తక్కువ. కాబట్టి పోయిన దోషం తిరిగి రావడం అరుదు. అయితే చెర్రీ-పిక్ చేసిన మార్పు గిట్ దృష్టిలో కొత్త మార్పు, దాని గుర్తింపు సంఖ్య వేరు. అందుచేత అసలు మార్పు సంఖ్యను సందేశంలో రాసిపెట్టే అలవాటు ఉంది. అది లేకపోతే ఏ సవరణ ఏ శాఖకు చేరిందో కొంతకాలానికి ఎవరికీ తెలియదు.

'''పాత శాఖ నుండి కాండానికి:''' సవరణ అవసరమైన శాఖలలో అన్నిటికంటే పాతదానిలో మొదట చేసి, దానిని వరుసగా కొత్త శాఖలలోకి, చివరకు కాండంలోకి విలీనం చేస్తారు. గిట్ ప్రాజెక్టు తన సొంత కోడుకు ఈ పద్ధతినే పాటిస్తుంది. దాని నిర్వహణ శాఖ పేరు మెయింట్. ఇందులో ప్రతి సవరణ ఒకే మార్పుగా ఉంటుంది, ఏది ఎక్కడికి చేరిందో చరిత్రను చూస్తే తెలిసిపోతుంది. కానీ పాత శాఖలో ఉన్న ప్రతిదీ పైకి రావాలి. పాత వెర్షనుకు మాత్రమే చెందిన మార్పులు ఉంటే విలీనంలో జాగ్రత్త వహించాలి. పైగా సవరణ ఏ శాఖ వరకు వెళ్ళాలో ముందే తెలిసి ఉండాలి. కాండంపై చేసిన సవరణను తరువాత కిందికి విలీనం చేస్తే దానితోపాటు కొత్త సౌకర్యాలన్నీ పాత శాఖలోకి వచ్చిపడతాయి.

ఏ పద్ధతిలోనైనా పొంచి ఉండే ప్రమాదం ఒకటుంది. సవరణ పాత శాఖలో ఏ ఘర్షణా లేకుండా అతికినంత మాత్రాన అది సరైనదని కాదు. అది ఆధారపడిన మరొక మార్పు పాత శాఖలో ఉండకపోవచ్చు. వెర్షన్ కంట్రోల్ వ్యవస్థ పంక్తులను మాత్రమే పోలుస్తుంది, అర్థాన్ని పోల్చదు. కావున ప్రతి నిర్వహణ శాఖను విడిగా నిర్మించి, విడిగా పరీక్షించడం తప్పనిసరి.

== చరిత్ర ==

బెల్ ప్రయోగశాలలో మార్క్ రాచ్‌కైండ్ 1972లో ప్రారంభించిన ఎస్‌సీసీఎస్ వ్యవస్థలో ఫైలు వెర్షను సంఖ్యలోనే విడుదల, స్థాయి, శాఖ, క్రమం అనే నాలుగు భాగాలుండేవి. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ 1980ల ఆరంభంలో రూపొందించిన ఆర్‌సీఎస్ వ్యవస్థ ఇదే మార్గంలో సాగింది. అందులో 1.2 అనే కూర్పు నుండి చీలిన శాఖలోని మొదటి కూర్పు 1.2.1.1 అవుతుంది. ఈ రెండు వ్యవస్థలూ ఒక్కొక్క ఫైలును విడివిడిగా చూసేవి.

డిక్ గ్రూన్ 1986లో ప్రారంభించిన సీవీఎస్ అనేక ఫైళ్ళను కలిపి ఒకే పేరుతో శాఖగా చీల్చే వీలు కల్పించింది. 2004లో 1.0 వెర్షను విడుదలైన సబ్‌వర్షన్‌లో శాఖ అంటే ఒక ఫోల్డరుకు చవకగా తీసిన నకలు. ట్రంక్, బ్రాంచెస్, ట్యాగ్స్ అనే మూడు ఫోల్డర్ల అమరిక ఆ కాలంలోనే ఆనవాయితీగా స్థిరపడింది. ఏ మార్పులు ఇప్పటికే విలీనమయ్యాయో గుర్తుంచుకునే సౌకర్యం సబ్‌వర్షన్‌కు 2008లో, 1.5 వెర్షనుతో వచ్చింది. అంతవరకు ఆ లెక్కను నిర్వాహకులే రాసుకోవలసి వచ్చేది.

2005లో వచ్చిన గిట్, మెర్క్యూరియల్ వ్యవస్థలు శాఖలను చీల్చడాన్ని, కలపడాన్ని రోజువారీ పనిగా మార్చివేశాయి. 2010లో విన్సెంట్ డ్రీసెన్ వివరించిన గిట్‌ఫ్లో అనే నమూనాలో విడుదల శాఖలకు, అత్యవసర సవరణల శాఖలకు ప్రత్యేక స్థానాలున్నాయి. అయితే నిరంతరం నవీకరించే వెబ్ సైట్లకు ఇంతకంటే సరళమైన పద్ధతి చాలునని ఆయనే 2020లో స్పష్టం చేశాడు.

== వివిధ ప్రాజెక్టులలో ==

=== ఫ్రీబీఎస్‌డీ ===

ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో కాండాన్ని కరెంట్ అని, దాని నుండి చీలిన దీర్ఘకాల శాఖను స్టేబుల్ అని పిలుస్తారు. ప్రతి విడుదలకు స్టేబుల్ నుండి మరొక శాఖ చీలుతుంది. విడుదల తరువాత అందులోకి భద్రతా సవరణలు, ముఖ్యమైన దోషాల సవరణలు మాత్రమే వస్తాయి. కరెంట్‌లో చేరిన మార్పు కొన్ని రోజులో, వారాలో అక్కడ నలిగిన తరువాతనే స్టేబుల్‌లోకి వెళుతుంది. ఎన్ని రోజుల తరువాత తరలించాలో మార్పు చేసినవారు సందేశంలోనే రాస్తారు. ఈ ప్రాజెక్టు కోడు సీవీఎస్ నుండి 2008లో సబ్‌వర్షన్‌కు, 2020 చివరలో గిట్‌కు మారినా ఈ పద్ధతి కొనసాగింది.

=== లినక్స్ కెర్నల్ ===

లినక్స్ కెర్నల్‌లో ఒకప్పుడు రెండవ అంకె సరిసంఖ్య అయితే స్థిరమైన వెర్షను, బేసిసంఖ్య అయితే అభివృద్ధి వెర్షను. 2.4 వెర్షను 2001 జనవరిలో, 2.6 వెర్షను 2003 డిసెంబరులో విడుదలయ్యాయి. మధ్య కాలంలో కొత్త సౌకర్యాలు 2.5లోనే నిలిచిపోవడంతో, లినక్స్ పంపిణీదారులు వాటిని తమ 2.4 కెర్నళ్ళలోకి స్వయంగా బ్యాక్‌పోర్టు చేసుకున్నారు. ఫలితంగా ఒకే సంఖ్య గల కెర్నల్ ఒక్కొక్కరి వద్ద ఒక్కొక్క విధంగా తయారైంది.

2.6 తరువాత ఈ పద్ధతిని విడిచిపెట్టారు. 2005 మార్చిలో గ్రెగ్ క్రో-హార్ట్‌మన్, క్రిస్ రైట్ 2.6.11 వెర్షనుతో స్థిర శాఖలను ఆరంభించారు. ఈ శాఖల నియమాలు కఠినమైనవి. సవరణ ముందుగా లైనస్ టోర్వాల్డ్స్ ప్రధాన పాయలో చేరి ఉండాలి. అది చిన్నదై, పరిసర పంక్తులతో కలిపి 100 పంక్తులకు మించకుండా ఉండాలి. వాడుకరులను నిజంగా బాధిస్తున్న దోషాన్ని సరిచేయాలి. అక్షరదోషాల దిద్దుబాటు వంటివి అంగీకరించరు.

కొన్ని స్థిర శాఖలను దీర్ఘకాల శాఖలుగా ఎంపిక చేసి ఏళ్ళ తరబడి పోషిస్తారు. ఫోన్ల వంటి పరికరాల అవసరాల కోసం ఈ కాలాన్ని ఆరేళ్ళ వరకు పొడిగించే ఏర్పాటు 2017లో ప్రకటించారు. అయితే నిర్వాహకులపై భారం ఎక్కువ కావడంతో, దీనిని రెండేళ్ళకు తగ్గించే ఆలోచన 2023లో వెలువడింది.

=== పోస్ట్‌గ్రే ఎస్‌క్యూఎల్ ===

ఈ డేటాబేసు ప్రాజెక్టు ప్రతి ప్రధాన వెర్షనును ఐదేళ్ళపాటు పోషిస్తుంది. అందువలన ఏ సమయంలోనైనా సుమారు ఐదు నిర్వహణ శాఖలు సజీవంగా ఉంటాయి. ఒక దోషం అన్నిటిలోనూ ఉంటే సవరణను కాండంలోను, ఆ శాఖలన్నిటిలోను ఒకే సందేశంతో విడివిడిగా చేరుస్తారు. శాఖలను ఒకదానిలో ఒకటి విలీనం చేయరు. చిన్న విడుదలలు అన్ని శాఖల నుండి ఒకే రోజున వెలువడతాయి.

=== ఓటింగు పద్ధతి ===

సబ్‌వర్షన్, అపాచీ వెబ్ సర్వరు ప్రాజెక్టులలో నిర్వహణ శాఖలో స్టేటస్ అనే ఫైలు ఉంటుంది. బ్యాక్‌పోర్టు చేయదలచిన మార్పును, దానికి కారణాన్ని అందులో రాస్తారు. సాధారణంగా ముగ్గురు సభ్యులు అనుకూలంగా ఓటు వేసి, ఎవరూ అడ్డు చెప్పకపోతేనే మార్పు శాఖలో చేరుతుంది. కాండంలో రాయడానికి ఒక్కరి నిర్ణయం చాలినా, విడుదలైన వెర్షనును తాకడానికి ముగ్గురి కళ్ళు కావాలన్నది ఇందులోని ఆలోచన.

== భద్రతా సవరణలు ==

నిర్వహణ శాఖల విలువ భద్రతా లోపాలు బయటపడినప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. 2014 ఏప్రిల్ 7న వెల్లడైన హార్ట్‌బ్లీడ్ లోపం ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.0.1 నుండి 1.0.1ఎఫ్ వరకు ఉన్న విడుదలలను బాధించింది. సర్వరు జ్ఞాపకశక్తిలోని రహస్యాలను ఎవరైనా చదవగలిగే ఈ లోపాన్ని అదేరోజు వచ్చిన 1.0.1జి విడుదల సరిచేసింది. ఆ లోపానికి మూలమైన సౌకర్యం 0.9.8, 1.0.0 శాఖలలోకి ఎన్నడూ రాలేదు కనుక అవి సురక్షితంగా ఉన్నాయి. పాత శాఖలోకి కొత్త సౌకర్యాలను రానివ్వకూడదన్న నియమానికి ఉన్న ప్రయోజనం ఇక్కడ కనబడుతుంది.

ఇదే సంఘటనలో మరొక సంగతి కూడా ఉంది. డెబియన్ 7 తన వద్దనున్న 1.0.1ఇ వెర్షనులోకే సవరణను బ్యాక్‌పోర్టు చేసి ఇచ్చింది. లోపం పోయింది గానీ మూల వెర్షను సంఖ్య మారలేదు. కాబట్టి వెర్షను సంఖ్యను మాత్రమే చూసి ఒక సర్వరు సురక్షితమో కాదో చెప్పలేము. పంపిణీదారు చేర్చిన ప్యాకేజీ సంఖ్యను కూడా చూడాలి.

2021 డిసెంబరులో జావా లాగింగ్ లైబ్రరీ లాగ్4జె 2లో తీవ్రమైన లోపం వెల్లడైనప్పుడు మొదట 2.15.0, ఆ సవరణ అసంపూర్ణమని తేలడంతో 2.16.0 విడుదలయ్యాయి. కానీ వీటికి జావా 8 అవసరం. పాత జావాను వదలలేని సంస్థల కోసం జావా 7కు 2.12.2, జావా 6కు 2.3.1 విడుదలలను పాత శాఖల నుండి తీసుకురావలసి వచ్చింది.

భద్రతా సవరణ కాండంలో చేరిన క్షణం నుండి అది అందరికీ కనబడుతుంది. దానిని చదివి లోపాన్ని గ్రహించినవారు, ఇంకా సవరించని పాత వెర్షనులపై దాడి చేయగలరు. అందుకే ఇటువంటి సవరణలను గోప్యంగా సిద్ధంచేసి, అన్ని శాఖలలోనూ ఒకేసారి విడుదల చేయడం ఆచారం.

== అనువాదాలు ==

విడుదల శాఖలతో అనువాదకులకు కూడా సంబంధముంది. గ్నోమ్ డెస్క్‌టాప్ ప్రాజెక్టులో విడుదలకు ముందు తెరపై కనబడే వాక్యాలను మార్చకుండా స్తంభింపజేస్తారు. తెలుగుతో సహా అన్ని భాషల అనువాదకులకు ఆ సమయంలో పని పూర్తిచేసే అవకాశం కలుగుతుంది. విడుదల తరువాత కాండంలోని వాక్యాలు మళ్ళీ మారతాయి గనుక, అనువాదంలో ఒక తప్పును దిద్దినవారు దానిని విడుదలైన శాఖలోను, కాండంలోను కూడా చేర్చాలి. ఒక్క కాండంలోనే చేరిస్తే ఆ దిద్దుబాటు ప్రస్తుత వెర్షను వాడుతున్నవారికి చేరదు.

== శాఖ ముగింపు ==

ప్రతి నిర్వహణ శాఖకు ఒక ముగింపు ఉండాలి. శాఖలు పెరిగేకొద్దీ సవరణలు, పరీక్షలు, విడుదలలు అన్నీ అన్ని రెట్లు అవుతాయి. వాడుకరులు ముందుగా సిద్ధపడేందుకు ముగింపు తేదీని ప్రకటించడం మంచి పద్ధతి. అయినా తేదీని పాటించడం తేలిక కాదు. 2010 జూలైలో విడుదలైన పైథాన్ 2.7కు మద్దతు మొదట 2015 వరకేనని నిర్ణయించారు. పైథాన్ 3కు మారడం అనేకులకు కష్టం కావడంతో ఆ గడువును 2014లో 2020 వరకు పొడిగించారు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 2.7.18తో ఆ శాఖ ముగిసింది.

విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. 2017 మేలో వానాక్రై అనే హానికర ప్రోగ్రాము అనేక దేశాలలో వ్యాపించి, బ్రిటన్‌లోని ఆసుపత్రులను, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లను సైతం బాధించినప్పుడు, ముగిసిపోయిన ఎక్స్‌పీకి కూడా ఆ సంస్థ అత్యవసర సవరణను విడుదల చేసింది. అయితే ఈ దాడికి గురైనవాటిలో అధికభాగం మద్దతు ఉన్న విండోస్ 7 కంప్యూటర్లే. వాటికి కావలసిన సవరణ ఆ ఏడాది మార్చిలోనే వచ్చింది. సవరణ శాఖలో చేరితే చాలదు, అది వాడుకరి కంప్యూటరులో చేరినప్పుడే పని పూర్తయినట్లు.

== శాఖలు అవసరం లేని సందర్భాలు ==

తయారీదారు చేతిలోనే నడిచే వెబ్ సేవలకు ఒకే వెర్షను వాడుకలో ఉంటుంది. దోషం కనబడితే కాండంలో సరిచేసి గంటలలో అమలులో పెట్టవచ్చు. అటువంటి చోట దీర్ఘకాల నిర్వహణ శాఖలు అనవసర భారం. వాడుకరుల కంప్యూటర్లలో, ఫోన్లలో, యంత్రాలలో స్థాపించే సాఫ్టువేరుకు, ఇతర ప్రోగ్రాములు ఆధారపడే లైబ్రరీలకు మాత్రం పాత వెర్షనులు ఏళ్ళ తరబడి వాడుకలో ఉంటాయి. వాటికి నిర్వహణ శాఖలు తప్పవు.

== ఇవి కూడా చూడండి ==

* వెర్షన్ కంట్రోల్
* గిట్
* సబ్‌వర్షన్
* లినక్స్ కెర్నల్
* సాఫ్టువేరు పరీక్ష